తొమ్మిది, నాలుగు, ఒకటి, సున్నా

మా పెదనాన్న ఎవరి మీదా చెయ్యి చేసుకున్న మనిషి కాదు. ఆయనకా అవసరం ఎప్పుడూ రాలేదు. తెనాలిలో ఆయనకి షామియానాలు, పందిళ్ళు వేసే వ్యాపారం. ఒకసారి గోడౌన్‌లో పనిచేసే ఒకతనికి కూతురు పుట్టిందని భట్టిప్రోలు నుంచి ఫోనొచ్చింది. వెళ్ళొస్తానని సెలవడిగాడు. పెదనాన్న నవ్వుతూ, "శుభవార్త నాకొక్కడికే చెప్తే ఎలారా? ఆ బాద ఎక్కి అందరికీ వినపడేట్టు చెప్పు, వెళ్దువుగాని" అన్నాడు. అతను నిజంగానే నిలబెట్టిన సర్వి బాద, అంటే సరుగుడు గుంజ ఎక్కి, సిగ్గుపడుతూ, "నాకు ఆడపిల్ల పుట్టిందహో" అని అరిచాడు. దిగాక పెదనాన్న, "అందరికీ తెలిసిపోయిందిగా, ఇంక నువ్వెళ్ళి చేసేదేముంది? ఆ తాడందుకో" అన్నాడు. అందరూ నవ్వారు. కూతురు పుట్టినవాడూ నవ్వాడు. ఫ్రిల్స్ కుట్టే మిషను ముందు కూర్చుని నేనూ కడుపు పట్టుకుని నవ్వాను. ఆయన హాస్యం అలా ఉండేది. మన వంతు రానంతవరకు చాలా బాగుండేది.

నాన్న పోయాక అమ్మా నేనూ ఆయన పంచన చేరాం. అమ్మ పందిరి పనివాళ్ళకి వండేది. నేను పదో తరగతితో చదువు ఆపి, షామియానాల అంచులకు వేలాడే ఫ్రిల్స్ కుట్టేదాన్ని. నా అంత వేగంగా ఫ్రిల్ కుట్టే మనిషి తెనాలి మొత్తంలో లేదని పెదనాన్న పదిమందిలో అనేవాడు. పొగడ్త అనుకుని మురిసిపోయేదాన్ని.

సాయంత్రం మిషను మీద గుడ్డ కప్పాక లైబ్రరీకి వెళ్ళేదాన్ని. ముందు హాల్లో మగవాళ్ళు పేపర్లు చదువుతూ కునికిపాట్లు పడుతుంటారు. వెనక గదిలో బీరువాలు. ఆ బీరువాల్లో నేను ముట్టుకోని అర లేదు. నవలలు, ప్రయాణాలు, వ్యవసాయం, ఖగోళం, హోమియోపతి, ఏది దొరికితే అది. లైబ్రేరియన్‌గారు ముక్కుమీదికి కళ్ళజోడు దించి, "ఏంటమ్మా, ఇవాళ ఏ శాస్త్రం?" అనేవారు. వెటకారమే అయినా నాకు బాగుండేది. మా గోడౌన్‌లో శాస్త్రం అన్న మాట నోట పలికేవాళ్ళు ఎవరున్నారు?

అట్ట ఊడిపోయిన ఇంటర్ లెక్కల పుస్తకం ఒకటి అక్కడే దొరికింది. పాత తెలుగు మీడియం పుస్తకం. పరావలయం, అంటే విసిరిన రాయి గాల్లో వంగి దిగే గీత; ఆ వంపు కొన శీర్షం; ఇంకా నాభి, నియతరేఖ. ఆ మాటలు నోట్లో వేసుకుని రోడ్డు మీద నడుస్తుంటే ఎవరికీ లేని నగ పెట్టుకున్నట్టుండేది. అందులో శీర్షం మూలబిందువు దగ్గర ఉన్న పరావలయం గురించి వివరంగా ఉంది. శీర్షం వేరేచోట ఉంటే సమీకరణం ఎలా రాబట్టాలో చెప్పే పేజీ మాత్రం లేదు. పరీక్షకి వెళ్ళే మహానుభావుడెవరో బ్లేడుతో నీటుగా కోసుకుపోయాడు.

ఆ పేజీని నేనే తయారుచేసుకున్నాను. మాకు తెలిసిన పని పందిరి. పందిరిని మొత్తంగా నాలుగడుగులు తూర్పుకి జరిపితే, అందులోని ప్రతి బాదా నాలుగడుగులు తూర్పుకి జరుగుతుంది. ఆకారం మారదు. పరావలయమూ అంతే. శీర్షం ఎంత పక్కకి జరిగిందో అంత అడ్డు కొలతలోంచి తీసెయ్యి, ఎంత పైకి జరిగిందో అంత నిలువు కొలతలోంచి తీసెయ్యి. మిగిలినది పాత లెక్కే. ఇంకో సంగతి కూడా నాకు నేనే కనిపెట్టాను: శీర్షం ఒక్కటే తెలిస్తే చాలదు. ఒకే శీర్షం నుంచి ఎన్ని పరావలయాలైనా దిగుతాయి, కొన్ని విప్పిన గొడుగులా, కొన్ని సగం మూసిన గొడుగులా. వాటిలో మనది ఏదో తేల్చేది రెండో బిందువు. గీత ఇంకెక్కడినుంచి పోతుందో ఒక్క చోటు చెప్తే చాలు, మిగతాదంతా దొరుకుతుంది. చాలా కాలం తర్వాత కొత్త పుస్తకం కొనుక్కుని చూశాను. కోసేసిన పేజీలో ఉన్నదీ నేను రాబట్టిందీ ఒకటే. ఆ మాట ఇప్పటికీ నలుగురికీ చెప్తాను. ఇక్కడా చెప్తున్నాను.

లైబ్రరీ వెనక వీధిలో రిటైరైన లెక్చరర్ మేడంగారు ఒకరు ఉండేవారు. ప్రైవేటుగా ఇంటర్ కట్టేవాళ్ళకి ఊరికే పాఠాలు చెప్పేవారు, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు, వాళ్ళ వరండాలో. నేను వేసుకున్న లెక్కలు చూసి, "రేపట్నుంచి రా. వచ్చే పరీక్షలకి నిన్ను కూర్చోబెడతాను" అన్నారు. నాకు కావలసిందల్లా ఆ మధ్యాహ్నాలు. అవి పెదనాన్న చేతిలో ఉన్నాయి.

రెండుసార్లు అడిగాను. ఒకసారి విననట్టు ఊరుకున్నాడు. ఇంకోసారి, "చదివి ఏం చేస్తావే? కలెక్టరువై నా షామియానాలకి పర్మిషన్లిస్తావా?" అన్నాడు.

ఆ రోజుల్లోనే దుగ్గిరాలలో ఒక పసుపు వ్యాపారి ఇంటి ఫంక్షన్‌కి మావాళ్ళు ఆర్చి వేశారు. రోడ్డు మీద గేటులాగా కట్టేది. రెండు పక్కలా నిలువు స్తంభాలు, వాటి మీద అడ్డంగా దూలం, దూలం మీద పొట్టీ పొడుగూ బాదులు వరసగా నిలబెట్టి, వాటి కొసల మీదుగా వెదురు బద్ద వంచి కడతారు. ఆ వంపు మీద గుడ్డా పూలూ లైట్లూ వస్తాయి. వంపు అంతా మేస్త్రి కంటిచూపు మీదే. ఆ మేస్త్రి మా నాన్న కాలం నుంచి ఉన్న మనిషి. ఆయన ఆర్చి ఎప్పుడూ ఒక పక్కకి జారేది. ఈసారి మరీ జారింది. పసుపు వ్యాపారి ఫొటో తీసి పెదనాన్న ఫోనుకి పంపించాడు, కింద నవ్వే బొమ్మలు నాలుగు పెట్టి.

మర్నాడు టీల వేళకి ఆ ఫొటో గోడౌన్ అంతా తిరిగింది. నా దగ్గరికి వచ్చినప్పుడు నేను ఊరుకుంటే సరిపోయేది.

"మేస్త్రిగారూ, మీ ఆర్చికి పక్షవాతం వచ్చిందండి. ఎడంపక్క మూతి వంకరపోయింది" అన్నాను.

పనివాళ్ళు గొల్లుమన్నారు. మేస్త్రి టీ గ్లాసు కింద పెట్టాడు. "నువ్వొచ్చి వంచమ్మాయ్. మిషను మీద కూర్చుని ఎన్నైనా చెప్పొచ్చు."

"వంచక్కర్లేదండి. లెక్క వేస్తే ఏ బాద ఎంత ఉండాలో ముందే తెలుస్తుంది. అది పరావలయం."

"ఏంటీ?"

"పరావలయం."

పెదనాన్న అప్పటిదాకా గుమ్మంలో కూర్చుని పళ్ళు కుట్టుకుంటున్నాడు. లేచి వచ్చాడు. ముఖంలో ఆ నవ్వుంది. బాద ఎక్కినవాడితో మాట్లాడినప్పటి నవ్వే. నాకది అప్పుడు ఆశలాగా కనపడింది.

"సరే అయితే. రేపల్లెలో ఓణీల ఫంక్షన్ ఉంది. ఆర్చి నువ్వే వెయ్యి. నడిమధ్యన దూలం మీద నుంచి తొమ్మిదడుగుల ఎత్తు. చెప్పు, ఏ బాద ఎంత?"

"అదొక్కటే చాలదండి."

"ఎత్తు చెప్పాగా!"

"మీరు చెప్పింది శీర్షం పెదనాన్నా. కాళ్ళెక్కడ ఆనాలో కూడా చెప్పాలి. ఇంకో బిందువు లేకుండా రాదండి."

"శీర్షమంట్రా" అన్నాడు అందరి వంకా చూసి. "ఆర్చి చేత శీర్షాసనం వేయిస్తుంది కాబోలు." అందరూ నవ్వాక, "ఇరవై నాలుగడుగుల వెడల్పు. ఈ చివరా ఆ చివరా దూలానికి ఆనాలి. చాలా, ఇంకేమైనా కావాలా అమ్మగారికి?"

"మధ్యాహ్నాలు కావాలండి" అన్నాను. ఎక్కడినుంచి వచ్చిందో అంత ధైర్యం. "ఆర్చి సరిగ్గా వస్తే నన్ను రెండు నుంచి నాలుగు దాకా మేడంగారి దగ్గరికి పంపాలి."

పెదనాన్న తల ఊపాడు. "వస్తే మధ్యాహ్నాలు నీవి. రాకపోతే లైబ్రరీ గుమ్మం తొక్కకూడదు. అందరూ విన్నారుగా?"

అందరూ విన్నారు. వంటింటి తలుపు దగ్గర అమ్మ కూడా విన్నది.

నేను సుద్దముక్క తీసుకుని గచ్చు మీద కూర్చున్నాను. దూలం ఎడమ కొస మూలబిందువు. శీర్షం పన్నెండడుగుల దూరంలో, తొమ్మిదడుగుల ఎత్తున. వంపు కిందికి తెరుచుకుంటుంది కాబట్టి రుణ గుర్తు. గీత మూలబిందువు గుండా పోతుంది, అదే నా రెండో బిందువు. పన్నెండు వర్గం నూట నలభై నాలుగు, దాన్ని తొమ్మిదితో భాగిస్తే పదహారు. (x − 12)² = −16 (y − 9). పెద్ద అక్షరాలతో రాశాను. పందిరి పనివాళ్ళ చెప్పులు దాని చుట్టూ నిలబడ్డాయి. ఎవరూ తొక్కలేదు. నా జీవితంలో ఇప్పటికీ అంత మంచి క్షణం ఇంకోటి లేదు.

నాలుగడుగులకి ఒక బాద. నడిమధ్య నుంచి నాలుగడుగులు జరిగితే వంపు ఒక్క అడుగు దిగుతుంది. ఎనిమిదడుగులు జరిగితే నాలుగడుగులు దిగుతుంది. పన్నెండు జరిగితే తొమ్మిదీ దిగిపోయి దూలానికి ఆనుతుంది. కింద వరసగా రాశాను: తొమ్మిది, నాలుగు, ఒకటి, సున్నా, ఒకటి, నాలుగు, తొమ్మిది.

దిగుడు ఎందుకు రాశానో చెప్పాలి. మావాళ్ళు నేలనుంచి ఏదీ కొలవరు. ఇటు కాలవ, అటు చేను, నేలంతా మెత్తన. బాద పాతితే ఒక చోట జానెడు దిగుతుంది, ఒక చోట మూరెడు. అందుకని రెండు చివరి బాదుల మధ్య పైన ఒక తాడు బిగించి లాగుతారు. దాన్ని పైతాడంటారు. కొలతలన్నీ ఆ పైతాడు నుంచి కిందికే. పైతాడు నుంచి రెండడుగులకి లైటు, పైతాడు నుంచి మూడడుగులకి ఫ్రిల్. పుట్టి బుద్ధెరిగి నేను విన్న భాష అది. నా శీర్షం పైతాడుకి తగులుతుంది, అక్కడినుంచి ఎంత దిగాలో రాశాను. మా గోడౌన్‌లో ఆ అంకెలు ఇంకోరకంగా చదివే మనిషి లేడు.

కాని బాదులు కోసేది మా గోడౌన్‌లో కాదు. సర్వి తోటలు బాపట్ల వైపు ఇసుక నేలల్లో ఉన్నాయి. అక్కడి కర్రల అడితిలో పొడవు చెప్తే ఆ పొడవుకి కోసి పంపిస్తారు. వాళ్ళకి పైతాడు లేదు, వంపు లేదు. తొమ్మిదంటే తొమ్మిదడుగుల బాద.

పెదనాన్న నా పక్కనే నిలబడి అడితికి ఫోను చేశాడు. గచ్చు మీద అంకెలు చూసి చదువుతున్నాడు. "రాసుకో. తొమ్మిదివి రెండు, నాలుగువి రెండు, అడుగువి రెండు."

నేను లేచి నిలబడ్డాను. "పెదనాన్నా, అవి పైతాడు నుంచండి. పొడవులు కావండి. తొమ్మిదిలోంచి తీసేసి చెప్పాలి."

ఆయన ఫోనుని అరచేత్తో మూశాడు. కోప్పడలేదు. "తీసేస్తే ఎంతొస్తుంది?" అన్నాడు నెమ్మదిగా.

"సున్నా, ఐదు, ఎనిమిది, తొమ్మిది."

"సున్నా, ఐదు, ఎనిమిది, తొమ్మిది" అని తిరిగి అన్నాడు, పాఠం అప్పజెప్పే పిల్లాడిలాగా. "ముప్పై ఏళ్ళుగా పందిళ్ళు వేస్తున్నా. నాకు తెలీదంటావా? పోయి మిషనెక్కు."

పోయి మిషనెక్కాను. ఆయన ఫోను పట్టుకుని బయటికి వెళ్ళాడు. వీధిలో నిలబడి ఇంకా చాలాసేపు మాట్లాడాడు. సరిదిద్దుతున్నాడనుకున్నాను. నిజానికి సరిదిద్దాడు కూడా.

రేపల్లె వెళ్ళే వ్యానులో పనివాళ్ళతోపాటు నన్నూ అమ్మనీ ఎక్కించాడు. అమ్మ అన్నం క్యారేజీలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దారంతా నాతో ఒక్క మాటే మాట్లాడింది. "వస్తుందంటావా?"

"రాకపోవడానికేముందమ్మా? లెక్క."

ఊరి బయట, వరి కోసేసిన చేలో పందిరి. రోడ్డు పక్కన ఆర్చికి స్తంభాలు, దూలం సిద్ధంగా ఉన్నాయి. బాపట్ల నుంచి బాదులు ట్రాలీ ఆటోలో వచ్చాయి. కట్ట విప్పాడు మేస్త్రి. విప్పుతుండగానే నా కంటికి ఆనింది. పొట్టి కర్రలు రెండు నేలమీద దొర్లాయి. అవి అడుగు ముక్కలు.

"మేస్త్రిగారూ, ఆగండి. ఇవి తప్పు కోశారు."

"నీ లెక్కేగా అమ్మాయ్. నీ లెక్క ప్రకారమే కడతాను. నా కన్ను ఎటూ వంకరేగా."

ఆగలేదు. ఒక్కో బాదా నన్నడిగి మరీ కట్టించాడు. "ఈ చివర తొమ్మిది, అంతేగా? దాని పక్కన నాలుగా? ఆ పక్కన అడుగా?" నేను కాదంటుంటే పనివాళ్ళు అవునంటున్నారు. నడిమధ్యకి వచ్చేసరికి మేస్త్రి దూలం మీద గుర్రమెక్కినట్టు కూర్చుని, చెయ్యి నుదుటికి అడ్డం పెట్టి కట్టలో వెతికాడు.

"సున్నా అడుగుల బాద ఏదిరా? ఇంత ముఖ్యమైన బాద అడితివాడు పంపలేదేంటి?"

"నేనే ఎక్కడో పారేసుంటా మేస్త్రీ" అన్నాడొకడు.

"వెతకండ్రా, అదే శీర్షం."

కట్టడం అయ్యేసరికి రెండు చివర్లా తొమ్మిదడుగుల బాదులు ఆకాశంలోకి పొడుచుకొచ్చాయి. వాటి మధ్య వెదురు బద్ద వేలాడింది, ఎండబెట్టిన చీర నడుమ కుంగినట్టు. మొత్తానికి పరావలయమే. తలకిందులుగా ఉంది.

ఫంక్షన్ ఇంటాయన బులెట్ ఆపి దిగాడు. తెల్ల చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. "ఏంటండీ ఇది? ఉయ్యాల కట్టారా?"

పెదనాన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మా తమ్ముడి కూతురండి. లైబ్రరీలో చదువుకుంది. పాపం తండ్రి లేని పిల్ల, దాని సరదా తీరుద్దామని."

ఆ పెద్దమనిషి నా వంక చూశాడు. నవ్వాలో వద్దో ఆయనకి తేలలేదు. అప్పుడు ముందుగా నవ్వింది అమ్మ. క్యారేజీలు పట్టుకుని నిలబడి, పమిట కొస నోటికి అడ్డం పెట్టుకుని, పెదనాన్న వంక చూస్తూ నవ్వింది. ఆ నవ్వుతో అందరికీ దారి దొరికింది. పనివాళ్ళు నవ్వారు, ఆటో డ్రైవరు నవ్వాడు, పెద్దమనిషి నవ్వాడు. కూతురు పుట్టినవాడైతే దూలానికి తల ఆనించి మరీ నవ్వాడు.

అమ్మ ఎందుకు నవ్విందో నాకు అప్పుడే తెలుసు. ఆమె నవ్వకపోతే, మర్నాడు ఆ వంటింట్లో పొయ్యి వెలిగించడానికి ఇంకో మనిషి వస్తుంది. తెలిసినంత మాత్రాన ఏమీ తగ్గలేదు.

"సరదా తీరిందా?" అన్నాడు పెదనాన్న నాతో. సమాధానం కోసం ఆగకుండా ఆటో వైపు తిరిగాడు. "ఆ రెండో కట్ట దించండ్రా. వేళ మించిపోతోంది."

ఆటోలో పరదా గుడ్డల కింద ఇంకో కట్ట ఉంది. మేస్త్రికి అదెక్కడుందో తెలుసు. నేరుగా వెళ్ళి లాగాడు. తలకిందుల వంపు విప్పి చేలో పారేశారు. కొత్త బాదులు ఎక్కుతున్నాయి. నా నడుముకి ఎప్పుడూ కుట్టుపని టేపు ఉంటుంది. ఆటోలోంచి దించిన బాదుల దగ్గరికి వెళ్ళి ఒకటి కొలిచాను. ఎనిమిది. ఇంకోటి కొలిచాను. ఐదు. నడిమధ్యది తొమ్మిది. కొసలకి బాదులు లేవు, అక్కడ సున్నా.

"పెదనాన్నా, ఇవి నా లెక్కేనండి."

ఆయన తాడు బిగింపు చూస్తున్నాడు. నా వైపు తిరగలేదు. చేలో కుప్పగా పడున్న మొదటి కట్ట వైపు చెయ్యి చూపించాడు. "నీ లెక్క అదిగో, కింద పడుంది."

"ఎనిమిది, ఐదు. ఫోను మూసి నన్నడిగారు మీరు..."

"ఊరుకోవే" అన్నది అమ్మ. అంత గట్టిగా ఆమె గొంతు నేనెప్పుడూ వినలేదు.

వెదురు బద్ద వంగింది. ఏ పక్కకీ జారలేదు. రెండు పక్కలా ఒకేలాగా, కొండ మీంచి నీళ్ళు దిగినట్టు దిగి దూలానికి ఆనింది. ఇంత చక్కటి ఆర్చి మావాళ్ళు అంతకుముందు కట్టలేదు. రోడ్డు మీద బస్సు నెమ్మదించింది. కిటికీల్లోంచి తలలు బయటికి వచ్చాయి. ఫంక్షన్ ఇంటాయన వెనక్కి నడుచుకుంటూ వెళ్ళి ఫొటో తీసుకున్నాడు. "ఇదండీ ఆర్చంటే!" అన్నాడు. మేస్త్రి తలపాగా విప్పి మొహం తుడుచుకుని దండం పెట్టాడు.

"ఫ్రిల్ కుట్టెయ్యవే" అన్నాడు పెదనాన్న. "నీ అంత వేగంగా ఎవరు కుడతారు?"

నిచ్చెనెక్కి, నా వంపుకి నేనే ఫ్రిల్ కుట్టాను. ఒక కొస నుంచి మొదలుపెట్టి శీర్షం దాకా ఎక్కి, అవతలి కొసకి దిగాను. కింద ఎవరో అంటున్నారు, "చూసుకో అమ్మా, సున్నా మీద కాలు పెట్టేవు."

లైబ్రరీ పుస్తకం అమ్మే తీసుకెళ్ళి ఇచ్చేసి వచ్చింది. లైబ్రేరియన్‌గారు ఏమన్నారని అడిగాను. "ఏమంటారు? తీసుకున్నారు" అన్నది. మేడంగారి వరండాకి నేను వెళ్ళలేదు, ఆవిడ కబురూ పంపలేదు. గోడౌన్‌లో నాకు కొత్త పేరొచ్చింది. "ఏమ్మా తొమ్మిది నాలుగు ఒకటీ, దారపుండ ఇటు విసురు" అనేవాళ్ళు. తలకిందుల వంపుని పెదనాన్న వ్యానులో వేయించి తెచ్చి, మళ్ళీ కట్టించి, నా మిషను పైన గోడకి వేలాడదీయించాడు. వచ్చిన ప్రతి పార్టీకీ దాని కథ చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ కథ కొంచెం పెరిగేది. చివరికి నేను మూడు పందిళ్ళు కూల్చినట్టు చెప్పడం నా చెవులతో విన్నాను.

కాని ఫంక్షన్లకి వచ్చినవాళ్ళు అడిగింది తలకిందుల ఆర్చి కాదు. రేపల్లెలో వేశారే, అది కావాలని అడిగారు. బాపట్ల నుంచి అడిగారు, వాడరేవు బీచి రోడ్డులో అడిగారు, మొహం తిప్పుకున్న దుగ్గిరాల పసుపు వ్యాపారే మళ్ళీ వచ్చి అడిగాడు. ఒక్కో చోట ఒక్కో వెడల్పు, ఒక్కో ఎత్తు. ఎనిమిదీ ఐదూ అన్నిచోట్లా పనికిరావు. పెదనాన్న నా మిషను దగ్గరికి వచ్చి, ఎటో చూస్తూ, "ముప్పై అడుగులు, పదడుగుల ఎత్తు" అనేవాడు. నేను పాదం ఆపకుండా అంకెలు చెప్పేదాన్ని. ఇప్పుడు దూలం నుంచే, పొడవులే. ఆయన వెళ్ళి ఫోనులో చెప్పేవాడు. ఇలా నాలుగైదు ఆర్చీలయ్యాక నా బుర్రకి తట్టింది: ఆయన దగ్గర శీర్షం ఉంది, రెండో బిందువు కూడా ఉంది. సమీకరణం మాత్రం నా దగ్గరుంది.

"ఇంక చెప్పను" అన్నాను అమ్మతో. "మధ్యాహ్నాలు ఇచ్చేదాకా నోరు విప్పను. ఎలా కడతారో కట్టుకోనీ."

అమ్మ బియ్యంలో రాళ్ళేరుతోంది. "నోరు మూసుకుని కూర్చోగలవా నువ్వు?"

"కూర్చోగలను."

అమ్మ ఇంకో రాయి ఏరి పక్కన పడేసింది. నన్ను కన్న మనిషి కదా, ఆమెకి తెలుసు.

ఆ మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక పెదనాన్న వచ్చాడు. "నలభై అడుగులు. పన్నెండు ఎత్తు."

నేను కుడుతున్నాను.

"వినపడిందా? బాపట్ల పార్టీ. నలభై, పన్నెండు."

"మధ్యాహ్నాలు ఇవ్వండి, చెప్తాను" అన్నాను. పాదం కూడా ఆపలేదు. దానికి ఇప్పటికీ సంతోషమే.

ఆయన కోపం తెచ్చుకుంటాడనుకున్నాను. నవ్వాడు. తిరిగి గోడౌన్ మధ్యలోకి నడిచి, నాకు వినపడేంత గొంతుతో మేస్త్రిని పిలిచాడు.

"మేస్త్రీ, రాసుకో. అమ్మాయి చెప్పదంట. దాంట్లో ఏముంది, చిన్న లెక్కేగా. నడిమధ్యన పన్నెండు. సగం దూరంలో సగం ఎత్తు, ఆరు. అంతేగా?"

నా పాదం మిషను మీద ఆగింది. మళ్ళీ తొక్కాను.

"దానికీ దీనికీ మధ్యలో తొమ్మిది" అన్నాడు పెదనాన్న. "చివరి బాద మూడు. తాడు లాగినట్టు వస్తుంది, తిన్నగా."

సూది గుడ్డలోకి దిగుతోంది, లేస్తోంది. సగం దూరంలో సగం ఎత్తు! దిగుడు దూరం వర్గాన్ని బట్టి పెరుగుతుందని తెలియకపోతే పోనీ, కంటికైనా కనపడదా? అది ఆర్చి కాదు, తాటాకు పాక. బాపట్లలో నడిరోడ్డు మీద, అంత వెడల్పున, తాటాకు పాక. పళ్ళు బిగించాను. మేడంగారి వరండా తలుచుకున్నాను. దారం తెగింది.

"మేస్త్రీ, ఇంకోసారి చదువు" అన్నాడు పెదనాన్న.

"పన్నెండు, తొమ్మిది, ఆరు, మూడు" అని చదివాడు మేస్త్రి, ఒక్కో అంకె మీదా ఆగి.

"ఆరు కాదు, తొమ్మిది!" అని అరిచాను. "సగం దూరంలో నాలుగోవంతే దిగుతుంది. గుడిసె కడుతున్నారా, ఆర్చి కడుతున్నారా?"

మేస్త్రి రాయడం ఆపి తలెత్తాడు.

"మరి తొమ్మిది అన్న చోట?" అన్నాడు పెదనాన్న, ఎంతో మెత్తగా.

"పదకొండుంబావు."

"మూడు దగ్గర?"

"ఐదుంబావు."

"దూలం నుంచేనా అమ్మా?"

"దూలం నుంచే" అన్నాను. అనేశాక వాళ్ళ మొహాలు చూశాను.

మేస్త్రి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి నవ్వుతున్నాడు. వంటింటి గుమ్మంలో అమ్మ కనపడింది. ఈసారి నవ్వలేదు. చేట తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. పెదనాన్న ఫోను తీసి బాపట్ల అడితికి కలిపాడు. అది మోగుతుండగా మేస్త్రి వైపు తిరిగి, నాకు వినపడేట్టే అన్నాడు.

"చూశావా? దీన్ని మధ్యాహ్నాలు బయటికి పంపితే మనకి లెక్కలెవరు చెప్తారు?"

గోడ గడియారంలో రెండు దాటి చాలాసేపయింది. నేను తెగిన దారం నోటితో తడిపి, మళ్ళీ సూదిలోకి ఎక్కించాను.